దోర్నపాల్ దాటాక మారే లెక్క

అరచేతి వెడల్పు కాగితం ఒకటి ఊహించుకోండి. పైన తేదీ, దాని కింద ఊరి పేరు: చింతలనార్. మధ్యలో ‘ట్రాక్టరు మీంచి బియ్యం బస్తాలు దించిన కూలి’ అని రాసి ఉంది. అంకెల్లో 400, అక్షరాల్లో నాలుగు వందలు. కింద కుడివైపు నీలిసిరా వేలిముద్ర. అప్పటిదాకా బస్తాలు మోసిన చెయ్యి కదా, చెమటకు ముద్ర అంచులు కాస్త అలుక్కుపోయాయి. పక్కన సాక్షి సంతకం. పద్దుల భాషలో దీని పేరు వోచరు.

ఆ బియ్యం విదేశీ దాత ఇచ్చిన సొమ్ముతో కొన్నవైతే ఈ కాగితాన్ని కనీసం నలుగురు తిరగేస్తారు. డబ్బు సరిగ్గా లెక్కకొచ్చిందా అని సంస్థ అకౌంటెంటు చూస్తాడు. ఆదాయపన్ను చట్టం ఒప్పుకుంటుందా అని చార్టర్డ్ అకౌంటెంటు చూస్తాడు. ఇది కార్యక్రమం ఖర్చా, పరిపాలనా ఖర్చా అని ఢిల్లీలో హోంశాఖ అడుగుతుంది. ఈ మనిషి నిజంగా ఉన్నాడా అని దాత పంపిన ఆడిటరు అడుగుతాడు. నాలుగు ప్రశ్నలకూ అదే కాగితం జవాబు చెప్పాలి. అలా చెప్పగలిగేలా బస్తా దించకముందే పద్ధతి కట్టి, సిబ్బందికి నేర్పి, తప్పు జరిగే చోటు ముందే చూపించే పనినే ఇప్పుడు గ్రాంట్ల కంప్లయెన్స్ కన్సల్టింగ్ అంటున్నారు. పేరు బరువుగా ఉన్నా, పని మాత్రం నాలుగు వందల రూపాయల దగ్గరే మొదలవుతుంది.

ఈ పనిని హైదరాబాదులో కూర్చుని వివరిస్తే అన్నీ తేలికగానే కనిపిస్తాయి. చింతలనార్ నుంచి చూస్తే ఒక్కో అంకె అసలు బరువు తెలుస్తుంది.

పత్రికలు చదివేవాళ్లకు ఈ ఊరి పేరు వినగానే గుర్తొచ్చే అంకె 76. 2010 ఏప్రిల్ 6న ఇక్కడికి దగ్గర్లో, తాడ్‌మెట్ల అడవిలో మావోయిస్టుల మెరుపుదాడిలో చనిపోయిన భద్రతా సిబ్బంది సంఖ్య అది. 75 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, ఒకరు రాష్ట్ర పోలీసు. ఏడాది తిరక్కుండానే, 2011 మార్చి 11కీ 16కీ మధ్య, మోర్‌పల్లి, తిమ్మాపురం, తాడ్‌మెట్ల ఊళ్లలో 250కి పైగా ఇళ్లు తగలబడ్డాయి. ఈ రెండో అంకె చాలామందికి గుర్తులేదు. అదే నెల 26న సామాజిక కార్యకర్త స్వామి అగ్నివేశ్ సాయం సామగ్రితో బయల్దేరితే దోర్నపాల్‌లో గుంపు అడ్డగించి దాడి చేసింది. మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం దళాల కేసులో 2011 జులై 5న తీర్పు చెప్పిన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఆ మార్చి ఘటనల మీద సీబీఐ విచారణకు ఆదేశించారు.

దోర్నపాల్ జాతీయ రహదారి మీది ఊరు. అక్కడ దారి మళ్లి జగర్‌గుండ వైపు సుమారు 45 కిలోమీటర్లు లోపలికి వెళితే చింతలనార్. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా, కోంటా బ్లాకు. 2012 జనవరిలో సుక్మా విడిపోయేదాకా ఇదంతా దంతెవాడ జిల్లా. ఇంట్లో కోయ మాట, ఆఫీసులో హిందీ అయినా, కోంటా వైపు సంతల్లో తెలుగు కొత్త కాదు. మిరప కోతల కాలంలో భద్రాచలం పక్కకు పనికొచ్చే గొత్తికోయల్లో ఈ దారి ఊళ్లవాళ్లూ ఉంటారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు అరచేత పట్టుకుని అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చినవాళ్లు 30,000 నుంచి 50,000 దాకా ఉంటారని ఆనాటి అంచనాలు. సరిహద్దుకు రెండు పక్కలా వైద్యం అందించడానికి అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థ ఎంఎస్‌ఎఫ్ డాక్టర్లు 2006 నుంచి తిరిగారు. అంటే ఇది మన ఇంటి పక్క కథే. సాయం సొమ్ము ఈ దారిలో ఎలా నడుస్తుందో మనం తెలుసుకోవాలి.

మొదట అవసరం లెక్క చూద్దాం. మానవతా సాయానికి ప్రపంచమంతా పాటించే స్ఫియర్ ప్రమాణాల పని 1997లో మొదలైంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 2,100 కిలో కేలరీల తిండి, తలదాచుకోవడానికి 3.5 చదరపు మీటర్ల చోటు, 500 మందికి ఒక చేతిపంపు. 250 ఇళ్లు కాలి, ఇంటికి ఐదుగురు చొప్పున ఉన్నారనుకుంటే 1,250 మంది. రోజుకు 18,750 లీటర్ల నీళ్లు, మూడు చేతిపంపులు, 4,375 చదరపు మీటర్ల నీడ. ఇల్లు కాలిన మర్నాటి నుంచే ఈ అంకెలు మొదలవుతాయి.

ఇప్పుడు సొమ్ము లెక్క. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, మొదట ఎమర్జెన్సీ కాలంలో 1976లో వచ్చింది. ఇప్పుడున్నది 2010 నాటి చట్టం. అది అమల్లోకి వచ్చింది 2011 మే 1న, అంటే తాడ్‌మెట్ల తగలబడిన నెలన్నరకు. 2020 సెప్టెంబరులో దాన్ని బాగా బిగించారు. కొత్తగా రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో తన ఆశయాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. దరఖాస్తు మీద నిర్ణయానికి చట్టం మామూలుగా చెప్పే గడువు 90 రోజులు. ఇల్లు కాలినవాడికి నీళ్లు కావలసింది రేపు. అందుకే విపత్తు వచ్చాక కన్సల్టెంటును వెతుక్కునే సంస్థకు ఎవరూ ఏమీ చేసిపెట్టలేరు. విపత్తు లేని రోజుల్లోనే కాగితాలు సిద్ధంగా ఉండాలి.

చింతలనార్ పక్కన పదిమంది ఆదివాసీ యువకులు సంఘం పెట్టుకున్నారనుకోండి. వాళ్లకు ఊరు తెలుసు, భాష తెలుసు, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలుసు. 15 లక్షలు ఖర్చు పెట్టిన చరిత్ర మాత్రం లేదు. 2020కి ముందు ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఉన్న పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ సొమ్ములో కొంత, నిబంధనల ప్రకారం, రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థకు బదిలీ చేయగలిగేది. సవరించిన ఏడో సెక్షన్ ఆ తలుపు పూర్తిగా మూసేసింది. ఒకరికొచ్చిన విదేశీ సొమ్ము ఇంకొకరికి బదిలీ చెయ్యకూడదు. 2022 ఏప్రిల్ 8న నోయెల్ హార్పర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది కూడా.

పెద్ద సంస్థలు ఇప్పుడు రెండు దారులు వెతుకుతున్నాయి. ఒకటి, ఆ ఊరి యువకులనే తమ సిబ్బందిగా తీసుకోవడం. రెండోది, సరుకో సేవో కొని బిల్లు చెల్లించడం. రెండోదాని దగ్గరే అసలు జాగ్రత్త అవసరం. ధర, పరిమాణం, పని పూర్తయినట్టు ధ్రువీకరణ, పన్ను కోత ఉంటే అది కొనుగోలు. ‘ఇదిగో ఐదు లక్షలు, మీ కార్యక్రమం మీరు చేసుకోండి’ అంటే అది బదిలీ. కాగితం మీద బిల్లు అని రాసినంత మాత్రాన బదిలీ కొనుగోలు అయిపోదు. ఈ తేడాను నీళ్లు నమలకుండా చెప్పినవాడే మంచి కన్సల్టెంటు. అడిగినవాళ్లకు నచ్చే జవాబు చెప్పి ఫీజు తీసుకునేవాడు ఆ సంస్థను ముంచుతాడు.

సొమ్ము వచ్చే దారి కూడా ఒక్కటే. విదేశం నుంచి వచ్చే ప్రతి రూపాయీ న్యూఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. పాత ఖాతాలు అక్కడికి మార్చుకోవడానికి మొదట 2021 మార్చి 31, తర్వాత జూన్ 30 గడువు ఇచ్చారు. అక్కడి నుంచి సుక్మాలోనో ఇంకెక్కడో వాడకపు ఖాతాకు తెచ్చుకోవచ్చు. ఆ ఖాతాలో పడ్డ బ్యాంకు వడ్డీ కూడా విదేశీ సొమ్ముగానే లెక్కకు వస్తుంది. చాలామంది చిన్న అకౌంటెంట్లు తప్పు చేసేది ఇక్కడే. వడ్డీని స్థానిక ఆదాయంలో రాసేస్తారు.

జీపు ఏ పద్దులో రాయాలి?

2020 సవరణలో అందరి నోటా నలిగిన అంకె 20. విదేశీ సొమ్ములో పరిపాలనా ఖర్చు అంతకుముందు 50 శాతం దాకా ఉండనిచ్చేవారు, ఇప్పుడు 20 శాతం దాటకూడదు. దాటాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. నూటికి ఎనభై బీదలకు చేరాలనడం న్యాయమే కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, నిబంధనల్లో ‘పరిపాలన’ అంటే ఏమిటో చదివేదాకా.

బోర్డు సభ్యుల పారితోషికాలు, కార్యక్రమాల నిర్వహణ సిబ్బంది జీతాలు, కరెంటు, ఫోను, అద్దె, లెక్కలు రాయించే ఖర్చు, నివేదికలు రాసి పంపే ఖర్చు, లాయర్ల, నిపుణుల ఫీజులు, వీటితో పాటు వాహనాల నడక, మరమ్మతు. ఇవన్నీ ఐదో నిబంధనలో పరిపాలనే. సంక్షేమ సంస్థ ఆశయం కోసం నేరుగా పెట్టే ఖర్చును మినహాయించారు. ఆస్పత్రిలో డాక్టరు జీతం, బడిలో పంతులు జీతం అందుకు ఉదాహరణలుగా ఇచ్చారు. మరి బియ్యం వెనకాల వెళ్లే జీపు?

ఒక లెక్క వేద్దాం. ఇది ఏ సంస్థదీ కాదు, విషయం తెలియడానికి వేసుకున్నది. ఏడాదికి గ్రాంటు 50 లక్షలు. కోఆర్డినేటరుకు నెలకు 30,000, ఏడాదికి 3.6 లక్షలు. అకౌంటెంటుకు నెలకు 20,000, ఏడాదికి 2.4 లక్షలు. దోర్నపాల్‌లో ఆఫీసు అద్దె నెలకు 8,000, ఏడాదికి 96 వేలు. ఆడిటుకూ కన్సల్టెంటుకూ కలిపి లక్ష. ఫోన్లు, కాగితాలు, తపాలా 60 వేలు. అద్దె జీపు, డీజిలుతో కలిపి నెలకు 45,000, ఏడాదికి 5.4 లక్షలు. మొత్తం 13.96 లక్షలు, అంటే 27.92 శాతం. చట్టం గీసిన గీత దాటిపోయింది. జీపు ఒక్కటీ తీసేసి చూడండి. 8.56 లక్షలు, 17.12 శాతం. గీతకు ఇవతలే ఉంది.

సంస్థ చట్టం పాటించిందా లేదా అన్నది ఒక్క జీపు తేలుస్తోంది. హైదరాబాదు నగరంలో పనిచేసే సంస్థకు ఈ బాధ లేదు, సాయం తీసుకునేవాడు సిటీ బస్సు ఎక్కి వస్తాడు. చింతలనార్‌కు సాయమే వెళ్లాలి. 45 కిలోమీటర్ల దారి ఆ సాయంలో భాగమే అని నా గట్టి అభిప్రాయం. అభిప్రాయం ఆడిటు ముందు నిలబడదు గనక దాన్ని కాగితంగా మార్చాలి. పద్ధతి తెలిసినవాళ్లు ముందే రెండు పద్దులు తెరుస్తారు. సరుకు మోయడానికి ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకున్న ట్రాక్టరు, సరుకు ధరతో పాటు పంపిణీ పద్దులోకి వెళుతుంది. సిబ్బంది తిరిగే జీపుకు లాగ్‌బుక్కు పెడతారు. తేదీ, బయల్దేరిన మీటరు అంకె, చేరిన అంకె, ఎవరెవరు ఎక్కారు, ఎందుకు వెళ్లారు. సుక్మా బ్యాంకుకు వెళ్లిన ట్రిప్పు పరిపాలన. చేతిపంపు మెకానిక్కును తాడ్‌మెట్ల తీసుకెళ్లిన ట్రిప్పును కార్యక్రమమని వాదించొచ్చు. ఆ వాదన మార్చి నెలాఖరున ఆడిటరు ఎదుట కూర్చుని గుర్తు తెచ్చుకుని చేసేది కాదు. ఆ రోజు సాయంత్రం డ్రైవరు పెన్నుతో రాసిన గీత మీదే అది నిలబడుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, చాలామంది గమనించరు. 20 శాతం అన్నది ఆ ఆర్థిక సంవత్సరంలో అందిన సొమ్ములో. గ్రాంటు 50 లక్షలూ మార్చి 20న ఖాతాలో పడ్డాయనుకుందాం. ఆ ఏడాది 10 లక్షల దాకా పరిపాలన మీద పెట్టొచ్చు, పెట్టడానికి మిగిలింది మాత్రం పదకొండు రోజులు. అసలు ఖర్చంతా ఏప్రిల్ తర్వాతే. రెండో ఏడాది కొత్తగా వచ్చింది 10 లక్షలే అయితే పరిమితి 2 లక్షలు. జీపు లేకుండానే మన ఖర్చు 8.56 లక్షలు. తప్పు ఎవరూ చెయ్యలేదు, తేదీ చేసింది. వాడని పరిపాలనా వాటాను తర్వాతి ఏడాదికి తీసుకెళ్లే వీలు కల్పిస్తూ 2025 మొదట్లో అమల్లోకి వచ్చిన సవరణ ఈ ముడిని కొంత వదులు చేసింది. అయినా గ్రాంటు ఒప్పందంలో విడత తేదీల దగ్గర ‘మార్చి’ అని కనిపిస్తే కన్సల్టెంటు అక్కడ ఎర్ర పెన్ను పెట్టాల్సిందే.

దాతకూ తన శాతం ఉంటుంది. ఐరోపా సంఘం మానవతా గ్రాంట్లలో పరోక్ష ఖర్చుల కింద 7 శాతం ఇస్తుంది. అమెరికా ప్రభుత్వ గ్రాంట్లలో, విడిగా రేటు ఖరారు కాని సంస్థకు ఇచ్చే వాటా 10 శాతం దాకా ఉండేది; 2024 అక్టోబరు నుంచి 15 చేశారు. మన కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నియమాల్లో 5 శాతం ఉంది, అయితే అది కంపెనీ తన సొంత సీఎస్‌ఆర్ నిర్వహణకు పెట్టుకునే ఖర్చుకు. సేవాసంస్థ ఖర్చుకు దాన్ని అంటగట్టడం పొరపాటు. 20, 7, 15, 5. నాలుగూ శాతాలే, నాలుగింటికీ హారం వేరు, నిర్వచనం వేరు. ఐరోపా లెక్కలో చేతిపంపు పని కోసం తిరిగిన జీపు ప్రత్యక్ష ఖర్చు. అదే జీపు ఢిల్లీ లెక్కలో వాహనాల నడక. ఒకే డీజిలు బిల్లు, రెండు పేర్లు. అందుకని పద్దుల పట్టీలో ప్రతి ఖర్చు ఎదుట రెండు గడులు పెట్టాలి, దాత గడి ఒకటి, ఎఫ్‌సీఆర్‌ఏ గడి ఒకటి. ఏడాది చివర్లో ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి తర్జుమా చెయ్యబోతే తలప్రాణం తోకకొస్తుంది.

కన్సల్టెంటు ఫీజు కూడా పరిపాలనే అని పైన చూశాం కదా. లక్ష రూపాయల ఫీజు 50 లక్షల గ్రాంటులో 2 శాతం. అదే లక్ష 8 లక్షల గ్రాంటులో 12.5 శాతం. చిన్న గ్రాంటుకు పెద్ద గ్రాంటు స్థాయి కాగితాలు అడిగితే నీళ్లకు ఇచ్చిన డబ్బు నివేదికలకు పోతుంది. దాతలు ఈ ఒక్క భాగహారం చేసి చూడాలి.

జాబితా

ఆడిటరుకు పేరు కావాలి. తండ్రి పేరు, ఊరు, వేలిముద్ర, వీలైతే బియ్యం బస్తాతో ఫోటో. ఎందుకు అడుగుతున్నాడో కూడా అర్థం చేసుకోవాలి. లేని మనుషుల పేర్లు రాసి సాయం మింగిన ఉదంతాలు ప్రతి విపత్తులోనూ ఉన్నాయి. పేరు లేకపోతే దొంగతనం పట్టుకోలేం.

కానీ చింతలనార్ దారిలో పేర్ల జాబితా మామూలు కాగితం కాదు. ఫలానా ఊళ్లో ఫలానా ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎవరు ఏ రోజు ఎక్కడికి వచ్చి ఎవరి చేతిమీదుగా ఏం తీసుకున్నారు అన్న వివరం ఒక పక్షం చేతిలో పడితే ఒక రకం ప్రమాదం, ఇంకో పక్షం చేతిలో పడితే ఇంకో రకం. ఇరుపక్షాల అనుమానం మధ్య ఇరవై ఏళ్లు బతికిన జనం వాళ్లు. ఇన్‌ఫార్మర్ అన్న ఒక్క మాటతో ఇక్కడ ప్రాణాలు పోయాయి. బస్తా బియ్యానికి వేలిముద్ర వేసినవాడి మెడకు ఆ కాగితం ఉచ్చు కాకూడదు.

దీనికి చేతిలో ఉన్న ఉపాయం పాతదే, సులువైనదే. పంపిణీ చోట వాడే పట్టీలో పేర్లుండవు, ఇంటికో సంఖ్య ఉంటుంది. సంఖ్యకు పేరు కలిపే పుస్తకం ఒక్కటే ప్రతి. దాన్ని వేరే ఊళ్లో తాళం వేసిన పెట్టెలో ఉంచుతారు. ఆడిటరు అక్కడికి వచ్చి, కొన్ని సంఖ్యలు తానే ఎంచుకుని, పుస్తకం చూసి, సరిపోయిందని సంతకం పెట్టి వెళతాడు. ఫోటో తీయడు, జిరాక్సు అడగడు. దాతకు వెళ్లే నివేదికలో మొత్తాలే ఉంటాయి. ఇన్ని ఇళ్లు, ఇందరు ఆడవాళ్లు, ఇందరు పిల్లలు. ఈ ఏర్పాటు గ్రాంటు ఒప్పందంలోనే రాయించుకోవాలి. సంతకాలయ్యాక అడిగితే, ఏదో దాస్తున్నారనుకుంటారు.

దారిలో ఎదురయ్యే ఇంకో ప్రశ్న దీనికన్నా భయంకరమైనది. లారీ ఆపి ఎవరైనా వాటా అడిగితే? సీపీఐ (మావోయిస్టు) 2009 జూన్ నుంచి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద ఉగ్రవాద సంస్థల జాబితాలో ఉంది. ఆ చట్టం పదిహేడో సెక్షన్ కింద ఉగ్రవాదానికి నిధులు సమకూరిస్తే శిక్ష ఐదేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఏ పక్షానికైనా, ఏ పేరుతోనైనా, ఒక్క బస్తా కూడా ఇవ్వకూడదన్నది దాతల నియమం కూడా. ఇచ్చారన్న ఆరోపణ ఒక్కటి చాలు జీవితాలు తలకిందులు కావడానికి. ఒక పెద్ద కంపెనీ సొమ్ము మావోయిస్టులకు చేరవేశారంటూ 2011 సెప్టెంబరులో దంతెవాడలో పెట్టిన కేసు 2022 మార్చిలో కోర్టులో వీగిపోయింది. మధ్యలో పదేళ్లు పోయాయి. అందుకే పద్ధతి ఉన్న సంస్థలు డ్రైవరుకు ముందే చెప్పి పంపుతాయి: అడిగితే ఇవ్వొద్దు, గొడవ పడొద్దు, బండి తిప్పుకుని వచ్చెయ్యి, వచ్చిన వెంటనే జరిగింది జరిగినట్టు రాసివ్వు. తిరిగొచ్చిన లారీ కిరాయి నష్టంగా రాసుకోవచ్చని బడ్జెట్టులోనే ఒప్పించుకుంటాయి. డ్రైవరు ధైర్యం మీద కార్యక్రమం నడపకూడదు.

క్యాలెండరు సంగతి క్లుప్తంగా. విదేశీ సొమ్ముకు ఏటా ఎఫ్‌సీ-4 రిటర్ను దాఖలు గడువు డిసెంబరు 31. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి. గడువుకు కనీసం నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టమని 2025 ఏప్రిల్‌లో హోంశాఖ చెప్పింది. 2022 కొత్త సంవత్సరం నాడు దేశంలో చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్లు ఒక్కసారిగా 22,762 నుంచి 16,829కి పడిపోయాయి. తగ్గినవాటిలో ఎక్కువ భాగం సమయానికి దరఖాస్తు పెట్టనివి. మన అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు (ఆర్డీటీ) 2025లో రెన్యువల్ చిక్కు వచ్చినప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. ఒక కాగితం తేదీ ఎన్ని ఊళ్ల ఆస్పత్రులతో, బడులతో ముడిపడి ఉంటుందో రాయలసీమకు ఆ రోజుల్లో అర్థమైంది.

చింతలనార్ క్యాలెండరు ఈ తేదీలను పట్టించుకోదు. మార్చి, ఏప్రిల్‌లో తెల్లారకముందే జనం ఇప్పపూలు ఏరుకోవడానికి వెళతారు. ఆ వెంటనే తునికాకు. జూన్ నుంచి వానలు, వాగులు. ఆర్థిక సంవత్సరం ముగింపు అని మార్చిలో గ్రామసభ పెడితే వచ్చేవాళ్లుండరు. జులైలో చేతిపంపు దింపుదామంటే రిగ్గు లారీ కదలదు. పన్నెండు నెలల గ్రాంటు అనేది ఇక్కడ ఏడెనిమిది నెలల పని. పని ప్రణాళికలో ఆ నెలలు ముందే ఖాళీగా చూపించాలి, ఆడిటు మాటల్లో దాన్ని ‘ఆలస్యం’ అని రాయనివ్వకూడదు.

నగదు

ఇక వేలిముద్ర దగ్గరికి వద్దాం. ఆదాయపన్ను చట్టం ప్రకారం ఒకరికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లిస్తే ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోరు. 2018 బడ్జెట్టు నుంచి ఈ నియమం ధార్మిక సంస్థలకూ వచ్చింది. సరుకు రవాణా చేసేవాళ్లకు పరిమితి 35,000. మన 400 రూపాయల కూలికి ఏ ఇబ్బందీ లేదు, ఇరవై మంది హమాలీలకు ఇరవై వోచర్లు రాస్తే చాలు. కానీ ఇరవై మంది కూలి కలిపి మేస్త్రీ చేతిలో 8,000 పెట్టి ఒకే సంతకం తీసుకోవడం అలవాటు. పరిమితి దాటలేదు గానీ, పందొమ్మిది మందికి డబ్బు అందిందన్న రుజువు పోయింది. 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి కాబట్టి అదీ తప్పింది. రూపాయి స్టాంపు కోసం చింతలనార్‌లో ఎక్కడికి పోతారని అడగకండి. బయల్దేరేటప్పుడే పెట్టెలో ఒక షీటు వేసుకోవాలి.

ఇంకా పెద్ద చిక్కు ట్రాక్టరు యజమానితో. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాదిలో లక్ష దాటినా మూలం దగ్గరే పన్ను కొయ్యాలి. వ్యక్తికైతే 1 శాతం. పాన్ నంబరు లేకపోతే 20 శాతం. 40,000 బిల్లులో పాన్ ఉంటే కోత 400, లేకపోతే 8,000. సరుకు రవాణాకే పెట్టుకున్న బళ్లు పదికి మించని యజమాని పాన్‌తో పాటు ఒక ప్రకటన రాసిస్తే ఏమీ కొయ్యక్కర్లేదు. కాబట్టి సరుకు ఎత్తకముందే కన్సల్టెంటు అడగాల్సిన మొదటి మాట: ‘అన్నా, పాన్ కార్డుందా?’

10,000 పరిమితికి ఒక మినహాయింపు ఉంది. చింతలనార్ కోసమే రాశారా అనిపిస్తుంది చదివితే. 1962 నాటి ఆదాయపన్ను నిబంధనల్లో 6డీడీ చెప్పేదిది. చెల్లించిన రోజున ఏ బ్యాంకు సేవా లేని ఊళ్లో, ఆ ఊళ్లోనే ఉండే లేదా వ్యాపారం చేసుకునే మనిషికి ఇచ్చిన నగదుకు ఆ పరిమితి వర్తించదు. పంటో అటవీ ఉత్పత్తో నేరుగా పండించినవాడి దగ్గర, ఉత్పత్తి చేసినవాడి దగ్గర కొన్నా అంతే. 2025 నాటి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, అక్కడి నుంచి సెక్షన్ల సంఖ్యలు వేరు. ఏ ఏడాది ఖర్చుకు ఏ చట్టమో చూసుకోవాలి. చాలా సంస్థలు ఈ మినహాయింపు సంగతే తెలియక, పన్ను భయంతో, దోర్నపాల్ వ్యాపారి దగ్గర చెక్కు మీద కొంటాయి. డబ్బు లోపలి ఊరికి చేరకుండా రోడ్డు మీది కొట్టులోనే ఆగిపోతుంది. చింతలనార్ సంతలో మనిషి దగ్గర కొనొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, వోచరు సరిగా రాస్తే చాలు.

ఆ ‘సరిగా’ ఇప్పుడు మారుతోంది. 2025 మే 18న జగర్‌గుండలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ తెరిచారు. అక్కడ ఒకప్పుడు గ్రామీణ బ్యాంకు ఉండేది, 2001లో నక్సలైట్ల దాడి తర్వాత అది లేకుండా పోయింది. దాదాపు పాతికేళ్లకు ఆ దారి చివర మళ్లీ ఒక బ్యాంకు కౌంటరు. పింఛను కోసం, కూలి డబ్బు కోసం దోర్నపాల్ దాకా వెళ్లొచ్చే ముసలివాళ్లకు అది ఎంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు. అకౌంటెంటుకు మాత్రం కొత్త ప్రశ్న. జగర్‌గుండలో శాఖ ఉంటే చింతలనార్‌కు బ్యాంకు సేవ ఉన్నట్టా, లేనట్టా? ఒక ఆడిటరు ఉందంటాడు, ఇంకొకరు ఊరూ ఊరూ వేరంటారు. ‘చెల్లించిన రోజున’ అన్న మాటే ఇక్కడ కీలకం.

అందుకని ఆ అరచేతి వెడల్పు కాగితం మీద, పద్దు పేరు కింద, వేలిముద్రకు పైన, ఒక కొత్త గీత గీయించాలి. ఊరు చింతలనార్. ఈ రోజు ఊళ్లో బ్యాంకు శాఖ ఉందా, లేదా. లేకపోతే దగ్గరి శాఖ జగర్‌గుండ, ఇన్ని కిలోమీటర్లు, ఈ రోజు దారి తెరిచి ఉందా, వాగు పొంగిందా. ఆ పక్కనే తేదీ, అకౌంటెంటు పొట్టి సంతకం.